సొమ్మొకడిది, మోత ఊరిది

లోకంలో స్వార్థం పెరిగిపోయిందని వాపోయే పెద్దలు, బుల్లెట్‌కి కంపెనీ సైలెన్సర్ పీకేసి బయట కొన్న పైపు బిగించుకునే కుర్రాళ్ల వైపు ఓసారి చూడాలి. జేబులోంచి వేలు తీసి, ఆదివారమంతా వాకిట్లో చతికిలబడి, వేళ్ల కణుపులు చెక్కుకుపోయేలా బిగిస్తే వచ్చే ఫలం వాళ్లకి దక్కుతోందా? పైపు మూతి వెనక్కి, బండి ముందుకి. నడిపేవాడి చెవుల మీద హెల్మెట్, దాని చుట్టూ గాలి హోరు. కాస్త వేగం అందుకుంటే తన పైపు తనకే సరిగా వినపడదు. తనివితీరా వినేది వెనకాల స్కూటీ మీద వస్తున్న టీచరమ్మ, మధ్యాహ్నం కునుకు తీస్తున్న తాతగారు, అప్పుడే ఉయ్యాల్లో కళ్లు మూసిన పసిపిల్ల. కాబట్టి దీన్ని సోకు అనడం అన్యాయం. ఇది దానం.

దానమన్నాక దాత కష్టపడాలి కదా, ఆ లోటేమీ లేదు. షార్ట్ బాటిలా, లాంగ్ బాటిలా, గోల్డ్‌స్టారా, ఇండోరీయా అని తేల్చుకోవడంతోనే నెల గడుస్తుంది. వెనక భాగం ఒక్కటే మార్చేవాళ్లు క్లాంపు వదులు చేసి, బ్రాకెట్ బోల్టు విప్పి బయటపడతారు. బెండు పైపు కూడా మారుస్తామని పట్టుబట్టేవాళ్లకే అసలు పరీక్ష. హెడ్డు దగ్గర ఆ పైపుని పట్టుకుని ఉండే నట్లు ఏళ్ల తరబడి కాలి, చల్లారి, తడిసి, తుప్పుతో స్టడ్డుని కరుచుకుని ఉంటాయి. తుప్పు వదిలే నూనె కొట్టి రాత్రంతా నానబెట్టి, పొద్దున్నే రవ్వంత వదులు, రవ్వంత బిగువు చేస్తూ ఓపిగ్గా తిప్పాలి. పానా మీద కాలుపెట్టి తొక్కితే స్టడ్డు హెడ్డులోనే విరుగుతుంది, అక్కడినుంచి దానం లేత్ షాపుకి మళ్లుతుంది. పాత ప్యాకింగ్ రింగు పారేసి కొత్తది వేయాలి. అన్నీ వదులుగా తగిలించుకుని, ముందు హెడ్డు దగ్గర బిగించి ఆ తర్వాతే వెనక్కి రావాలి. లేకపోతే పైపు వంకరపోయి జాయింటు దగ్గర బుస్సుమంటుంది. ఇక చాలామంది మరిచేది చివరి పని. క్రోము మీద పడ్డ జిడ్డు చేతిముద్రల్ని శుభ్రంగా తుడిచాకే స్టార్ట్ చేయాలి. తుడవకపోతే ఆ ముద్రలు వేడికి మాడి అక్కడే ఉండిపోతాయి. పోలీసులకి వేలిముద్రలు తీసుకునే శ్రమ కూడా తప్పించడం దాతృత్వానికి పరాకాష్ఠ.

పికప్ కోసం మారుస్తున్నాం, మోత కోసం కాదు అనేవాళ్లున్నారు. రేసుబళ్ల సంగతి అయితే ఒప్పుకోవచ్చు; అక్కడ పైపుతో పాటు ఇంజిన్‌కి అందే పెట్రోలు లెక్క కూడా మారుస్తారు. మనవాడు పైపు మార్చి ఊరుకుంటాడు. 2020 ఏప్రిల్ నుంచి వస్తున్న బీఎస్6 బళ్లలో ఆ లెక్క కంపెనీ పైపుని బట్టి కుదిర్చింది. అది చెడితే థ్రాటిల్ వదిలినప్పుడల్లా టపటపమంటుంది. ఆ టపటపని కొందరు బోనస్ అనుకుంటారు గానీ, అది ఇంజిన్‌లో కాలని పెట్రోలు వేడి పైపులో అంటుకున్న చప్పుడు. మోతతో పాటు పెట్రోలూ దానమేనన్నమాట. కంపెనీ పైపుతో పాటు క్యాటలిటిక్ కన్వర్టర్ కూడా పోతే కార్బన్ మోనాక్సైడ్ అదనం.

మోత ఉంటే ఎదుటివాడు తప్పుకుంటాడు, ప్రాణాలు దక్కుతాయన్నది రెండో వాదన. అమెరికా పరిశోధకుడు హ్యారీ హర్ట్ బృందం లాస్ ఏంజెలెస్‌లో 900 మోటార్‌సైకిల్ ప్రమాదాల్ని జరిగినచోటే పరిశీలించి 1981లో నివేదిక ఇచ్చింది. ప్రమాదం ముంచుకొచ్చిన దిక్కు నాలుగింట మూడు వంతులకు పైగా కేసుల్లో ముందువైపే. మన పైపు హెచ్చరించేది దాటొచ్చేసిన వాళ్లని. మన చట్టానికి కూడా ఈ దానగుణం పట్టలేదు. 175 సీసీ దాటిన బండి మోత తయారీలో 80 డెసిబెల్స్‌కి మించకూడదంది. ఆ పైన పది పెరిగితే శబ్దశక్తి పదింతలు. 2019 సవరణ తర్వాత జరిమానా పదివేల దాకా వెళ్లొచ్చు. పట్టుబడ్డ పైపుల్ని వరసగా పరిచి రోడ్డు రోలర్‌తో తొక్కించడం మన నగరాల పోలీసులకి అలవాటైన ఉత్సవం.

బుల్లెట్ అందమే ఆ డుగుడుగు కదా అంటారా? నిజమే, ఆ అందం నాకూ ఇష్టమే. కానీ అది పైపులో పుట్టింది కాదు. పాత 350లో 70 మిల్లీమీటర్ల బోరుకి 90 మిల్లీమీటర్ల స్ట్రోకు, దానికి తోడు బరువైన ఫ్లైవీలు. అందుకే దెబ్బకీ దెబ్బకీ మధ్య అంత ఎడం. డోలు విద్వాంసుడికి తెలుసు, తాళం నిలిచేది ఆ ఎడంలోనే. మోతని అణిచే బఫిల్ పీకేసిన పైపు ఆ ఎడాన్ని కూడా మోతతో నింపేస్తుంది.

ఇంతకీ కంపెనీ సైలెన్సర్‌ని ఏ దాతా పాత సామాన్లవాడికి వేయడు. గోనెసంచిలో చుట్టి అటకెక్కిస్తాడు. బండి అమ్మేరోజు కొనేవాడు మొట్టమొదట అడిగేది దాని గురించేనని అతనికి బిగించిన రోజే తెలుసు.