రెండో గడి నీళ్లు

మనం తాగే నీళ్లు ఎలా ఉండాలో చెప్పడానికి భారతీయ ప్రమాణాల సంస్థ దగ్గర ఒక పత్రం ఉంది. పేరు ఐఎస్ 10500. 2012లో దాన్ని తిరగరాసి అచ్చేశారు. కథలూ నవలలూ చదివి విసుగెత్తినవాళ్లు ఒకసారి తిరగేయండి, కాలక్షేపానికి లోటుండదు. అందులో పట్టికలు ఉంటాయి. చాలా పదార్థాలకు ఎదురుగా రెండు గడులు. మొదటి గడిలో ఇంతవరకు ఉంటే మంచిదే అన్న అంకె. రెండో గడిలో, వేరే నీళ్లు దొరకని చోట ఇంతవరకు ఉన్నా తాగొచ్చు అన్న అంకె.

ఫ్లోరైడ్ లీటరుకు ఒక మిల్లీగ్రాము. వేరే దిక్కు లేకపోతే ఒకటిన్నర. కాఠిన్యం 200, దిక్కు లేకపోతే 600. కరిగిన లవణాలు, అదే మన ఇంటింటి దేవత టీడీఎస్, 500; దిక్కు లేకపోతే 2000.

ఈ లెక్కన ఊళ్లో చెరువు ఎండిపోయిందన్న కబురు అందగానే ఆ ఊరివాళ్ల ఒంట్లో కిడ్నీలు నడుం బిగించి నాలుగింతల ఉప్పుకు సిద్ధపడిపోతాయన్నమాట. పక్క ఊరికి కృష్ణా నీళ్లు వస్తే అక్కడి కిడ్నీలు మళ్లీ సుకుమారంగా మారిపోయి 500 దగ్గరే మూతి ముడుచుకుంటాయి. దిక్కులేనివాడికి దేవుడే దిక్కని పెద్దలు ఊరికే అన్నారు. అసలు దిక్కు రెండో గడి.

అంతా వెక్కిరించడం న్యాయం కాదు. కొన్నిటి దగ్గర ఆ పత్రం గట్టిగానే నిలబడింది. సీసం లీటరుకు మిల్లీగ్రాములో నూరో వంతు దాటకూడదు, సడలింపు లేదు. నైట్రేట్ 45 దాటకూడదు, సడలింపు లేదు. మనిషి పేగుల్లోంచి వచ్చే ఈ-కొలి సూక్ష్మజీవి 100 మిల్లీలీటర్లలో ఒక్కటంటే ఒక్కటి కనపడకూడదు. ఇక రుచి, వాసనల దగ్గరికి వచ్చేసరికి అంకెలు మానేసి 'ఒప్పుకోదగ్గట్టు ఉండాలి' అని సరిపెట్టారు. ఎవరు ఒప్పుకోవాలో రాయలేదు. మన దగ్గర ఆ పని సరఫరా చేసేవాళ్లే చూసుకుంటున్నారు.

ఫ్లోరైడ్ సంగతి వేరు. అది ఉప్పులా నోటికి తగలదు, బురదలా కంటికి కనపడదు. చల్లగా, తియ్యగా గొంతు దిగి ఎముకల్లో కాపురం పెడుతుంది. ముందు పళ్ల మీద గోధుమరంగు చారలు, తర్వాత కీళ్లు బిగుసుకోవడం, ఆ తర్వాత వెన్ను వంగడం. నెల్లూరు జిల్లాలో ఈ జబ్బు ఉందని డాక్టర్లు 1937లోనే రాసిపెట్టారు. అప్పటికి మనం మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్నాం. తర్వాత స్వరాజ్యం వచ్చింది, ఆంధ్ర రాష్ట్రం వచ్చింది, ఆంధ్రప్రదేశ్ వచ్చింది, తెలంగాణ వచ్చింది. అప్పటి ఆ జిల్లాలోని కనిగిరి వైపు వెళ్లి అడగండి, ఫ్లోరైడ్ మాత్రం ఎక్కడికీ పోలేదంటారు.

పైగా ఈ హద్దును లీటరు లెక్కన కట్టారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1.5 అన్న అంకె చెప్పినప్పుడు మనిషి రోజుకు రెండు లీటర్లు తాగుతాడన్న అంచనా పెట్టుకుంది. ఎండలు మండే చోట జనం ఎక్కువ తాగుతారు, అది చూసి మీ దేశానికి తగ్గ హద్దు పెట్టుకోండని కూడా ఆ సంస్థే చెప్పింది. మనవాళ్లు చూశారు. ఫ్లోరైడ్ పీడించిన నల్లగొండ జిల్లాలో, మునుగోడులోనో మర్రిగూడలోనో మే నెల ఎండలో ఉపాధి పనికి వెళ్లి మట్టి తవ్వే మనిషి ఎన్ని లీటర్లు తాగుతాడో అంచనా వేసి, ఒకటికి పక్కన ఒకటిన్నర కూడా పెట్టారు. ఏసీ గదిలో కూచుని ఫైలు తిప్పే మనిషికీ, గడ్డపార పట్టిన మనిషికీ లీటరు ఒకటే. సమానత్వం అంటే ఇదే.

నల్లగొండవాళ్లు ఓపిక పట్టారు, పట్టారు, చివరికి 1996లో లోక్‌సభ ఎన్నికలు వచ్చాయి. మా నీళ్ల గోడు ఢిల్లీకి వినపడాలంటే ఇదొక్కటే దారి అని జలసాధన సమితి పిలుపు మీద జనం నామినేషన్లు వేసేశారు. ఒక్క సీటుకు 480 మంది అభ్యర్థులు! బ్యాలెట్ కాగితం చాలక పుస్తకం అచ్చేయాల్సి వచ్చింది. పోలింగు వాయిదా పడింది. గుర్తులకు కరువొచ్చింది. దేశమంతా నల్లగొండ వైపు నోరు తెరిచి చూసింది.

ఢిల్లీ వెంటనే కదిలింది. ఎవరూ ఆశించనంత వేగంగా కదిలింది. ఆ ఏడాదే చట్టం సవరించి లోక్‌సభ అభ్యర్థి కట్టాల్సిన డిపాజిట్టును 500 రూపాయల నుంచి ఏకంగా 10,000కు పెంచేసింది. స్వతంత్రుడిగా నిలబడాలంటే పదిమంది ప్రతిపాదించాలని నిబంధన పెట్టింది. అదే ఏడాది తమిళనాడులో మొడకురిచి అసెంబ్లీ సీటుకు 1,033 మంది నిలబడ్డారు లెండి, నేరమంతా మనవాళ్లదే కాదు. కానీ వరుస గమనించండి. ఫ్లోరైడ్ హద్దు దాటిందని 480 మంది అరిస్తే, అభ్యర్థులు హద్దు దాటారని తేలింది. ఎస్సీ, ఎస్టీలకు సగం తప్ప ఆ హద్దుకు రెండో గడి లేదు. నీళ్లకు వేరే దిక్కు లేనివాళ్లకు డిపాజిట్టులో సడలింపు ఇవ్వొచ్చు కదా అని ఒక్కరికీ తోచలేదు.

ఇందులో ఇంకో ముచ్చట. నీళ్లలోంచి ఫ్లోరైడ్ తీయడానికి నాగపూర్‌లోని నీరి అనే పరిశోధనా సంస్థ శాస్త్రవేత్తలు ఒక పద్ధతి కనిపెట్టారు. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడరు కలిపి తిప్పి, మడ్డిని అడుక్కు దించి, పైన తేటను వంచుకోవడం. దీని పేరు నల్లగొండ టెక్నిక్. ఇథియోపియాలో, టాంజానియాలో నీళ్ల ఇంజనీర్లు మన జిల్లా పేరు గౌరవంగా తలుచుకుంటారు. నల్లగొండలో మాత్రం జనం ఇంకా చాలా ఏళ్లు బోరింగు కొట్టుకునే తాగారు. వైద్యం పేరు దేశాలు తిరిగింది, రోగి కదలలేక ఇంట్లోనే ఉన్నాడు.

చివరికి తెలంగాణ తాగునీటి పథకం మిషన్ భగీరథ పైపులు వచ్చాయి. నదుల నీళ్లు ఆ పల్లెలకు చేరాయి. 2020 నాటికి తెలంగాణలో ఫ్లోరైడ్ బాధిత ఆవాసాలు సున్నా అని కేంద్రం లెక్క చూపింది. పని జరిగింది, ఒప్పుకోవాలి, ఎగతాళికి చోటు లేదు. అయితే ఆ సున్నా నీళ్లకే. వంగిన వెన్నుకు పైపు వేసే పథకం ఇంకా రాలేదు.

ఇప్పుడు పట్నానికి వద్దాం. ఇక్కడ ఫ్లోరైడ్ గొడవ తక్కువ, మర్యాద ఎక్కువ. 2019 నవంబరులో ప్రమాణాల సంస్థ ఢిల్లీలోనూ రాష్ట్ర రాజధానుల్లోనూ నల్లా నీళ్లు పట్టి పరీక్షించి మార్కులు వేసింది. ముంబైలో పదికి పది పాస్. ఢిల్లీలో 11 చోట్ల తీస్తే 11 ఫెయిల్, అందులో కేంద్రమంత్రి రాంవిలాస్ పాశ్వాన్ ఇంటి నల్లా కూడా ఉంది. మన హైదరాబాదుకు పదిలో ఒక్కటే తప్పింది. ఫలితాలు రాగానే ఢిల్లీలో నీళ్లు శుభ్రం చేసే పని మొదలవుతుందని మీరనుకుంటే, మీకు రాజకీయాలు తెలియవు. శాంపిలు ఎవరు పట్టారు, ఎవరింట్లో పట్టారు, ఎందుకు పట్టారు అని కేంద్రమూ అప్పటి ఢిల్లీ ముఖ్యమంత్రి కేజ్రీవాలూ నెలరోజులు జుట్లు పట్టుకున్నారు. ఈ రభసలో ఒక నిజం మెల్లగా బయటపడింది. అన్ని అంకెలున్న ఆ ఐఎస్ 10500, నల్లా నీళ్లకు తప్పనిసరి కాదట. పాటిస్తే సంతోషం, పాటించకపోతే శిక్ష లేదు. హెల్మెట్ లేకపోతే ఫొటో తీసి ఇంటికి చలాను పంపే దేశంలో!

శాంపిలు ఎక్కడ పట్టారన్న ప్రశ్న మాత్రం చిన్నది కాదు. ఫిల్టర్ బెడ్ దగ్గర పడితే నీళ్లు ముత్యాల్లా ఉంటాయి. ఓవర్‌హెడ్ ట్యాంకు దగ్గరా బాగానే ఉంటాయి. కథంతా ఆ తర్వాతే. మన నల్లాలు రోజుకు గంటో, రెండు రోజులకొకసారి గంటో వస్తాయి. తక్కిన టైమంతా పైపు ఖాళీ. నీళ్లు ఆగగానే లోపల ఒత్తిడి పడిపోతుంది, జాయింటు దగ్గర చీలిక ఉంటే బయట ఏముంటే దాన్ని లోపలికి పీల్చుకుంటుంది. బయట ఏముంటుంది? ఒకే గోతిలో ఖర్చు కలిసొస్తుందని పక్కపక్కనే వేసిన డ్రైనేజీ పైపు ఉంటుంది. ఇది చాలదన్నట్టు మనం నల్లాకు నేరుగా మోటరు బిగిస్తాం. పక్కింటి నీళ్లు లాగుదామని స్విచ్చి వేస్తే, పక్క పైపులోవి కూడా వస్తాయి. 2009లో హైదరాబాదు భోలక్‌పూర్‌లో, 2018లో గుంటూరులో మనుషులు చచ్చిపోయింది ఇలాంటి నీళ్లు తాగే. అప్పుడు వారం రోజులు ట్యాంకర్లు తిరిగాయి, క్లోరిన్ గోళీలు పంచారు, విచారణకు ఆదేశించారు. అధికారులు నీళ్లు నమిలారు. తాగలేదు, నమిలారు.

ఏ కాలనీలోనైనా జరిగే సంభాషణ ఇది. ఊరూ పేరూ అక్కర్లేదు.

"సార్, నల్లాల నీళ్లు మురుగు వాసనొస్తున్నయ్."

"రిపోర్టు చూసినమమ్మా. అన్నీ లిమిట్ల లోపట్నే ఉన్నయ్."

"బకెట్ల పట్టి తెచ్చిన, వాసన చూడుండ్రి సార్."

"వాసన చూసి చెప్పేది కాదమ్మా, ల్యాబుల చెప్పాలె."

"ఏడ పట్టిన్రు సార్ శాంపిలు?"

"రిజర్వాయర్ కాడ."

"మరి మేం రిజర్వాయర్ కాడికొచ్చి తాగాల్నా సార్?"

దీనికి జవాబు లేదు. ఉంటే గింటే పై అధికారి దగ్గర ఉండాలి, ఆయన వీడియో కాన్ఫరెన్సులో ఉన్నారు. చివరి ఇంటి నల్లాలో కూడా లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలన్నది నియమం. చూడ్డం కష్టమేమీ కాదు. చిన్న గాజు గొట్టంలో నీళ్లు పట్టి రెండు చుక్కల మందు వేస్తే, క్లోరిన్ ఉంటే పసుపురంగు తిరుగుతుంది, లేకపోతే నీళ్లు నీళ్లలాగే ఉండిపోతాయి. లైన్‌మన్ జేబులో పట్టే పెట్టె. ఆ పెట్టె చివరి గల్లీ దాకా రావడమే కష్టం.

గల్లీ చివరి దాకా వచ్చేవాడు ఇంకొకడున్నాడు. మెడలో టై, భుజాన సంచి, నోటినిండా సార్, మేడమ్. ఫిల్టర్ల కంపెనీ కుర్రాడు. వచ్చీ రాగానే రెండు గాజు గ్లాసులు అడుగుతాడు. ఒకదాంట్లో మీ నల్లా నీళ్లు, రెండోదాంట్లో వాడు సీసాలో తెచ్చుకున్న ఆర్ఓ నీళ్లు. రెండింట్లో కడ్డీలున్న ఒక పరికరం ముంచి ప్లగ్గు పెడతాడు. నిమిషం తిరక్కుండానే నల్లా గ్లాసులో తుప్పురంగు నురగ లేస్తుంది, ముక్కలు ముక్కలుగా పేరుకుంటుంది, చూస్తుంటేనే కడుపులో తిప్పుతుంది. ఆర్ఓ గ్లాసు మాత్రం అద్దంలా ఉంటుంది. "చూశారా మేడమ్, రోజూ మీ పిల్లలు తాగేది ఇదే." మేడమ్ సోఫాలో కూలబడుతుంది.

ఆ కాలనీలోనే రిటైరైన కెమిస్ట్రీ మాస్టారొకాయన ఉన్నాడు, కుర్రాడు తర్వాత ఆయనింటికే వెళ్లాడనుకోండి. ఆయన నవ్వి, వంటింట్లోంచి చిటికెడు ఉప్పు తెచ్చి కుర్రాడి ఆర్ఓ గ్లాసులో వేసి, మళ్లీ ప్లగ్గు పెట్టమంటాడు. ఈసారి అద్దంలాంటి ఆ నీళ్లు కూడా తుప్పు కక్కుతాయి. కరెంటు పారితే కరిగేది కడ్డీలోని ఇనుమే. లవణాలున్న నీళ్లలో కరెంటు పారుతుంది, లేని నీళ్లలో పారదు, అంతే. ఈ పరీక్షలో సూక్ష్మజీవి కనపడదు, సీసం కనపడదు, ఫ్లోరైడ్ అంతకన్నా కనపడదు. పైగా వాడు అమ్మే ఆర్ఓ మిషను ఒక లీటరు తాగడానికి ఇచ్చి రెండు మూడు లీటర్లు మోరీలోకి వదులుతుంది. టీడీఎస్ 500 లోపు ఉన్న చోట ఇలాంటి మిషన్లు వాడనివ్వొద్దని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2019లోనే చెప్పింది కూడా.

కుర్రాడు మొహం వేలాడేసుకుని సంచి సర్దుకుంటుంటే మాస్టారు అడిగాడు.

"ఏం బాబూ, ఎంత మీ మిషను?"

"పదిహేను వేలు సార్. ఈఎంఐ ఉంది. కానీ... మీకు అంతా తెలుసు కదా సార్?"

"తెలుసు. ముప్పై ఏళ్లుగా నీళ్ల పన్ను కడుతున్నా. మా ఇంటికొచ్చి, మా నల్లా విప్పి, నీళ్లు పట్టి చూసినవాడివి నువ్వొక్కడివే. ఎక్కడ సంతకం పెట్టాలి?"