అరువు సొమ్ము

నన్నిప్పుడెవరూ టీవీ అనరు, ‘పాత డబ్బా’ అంటారు. హైదరాబాద్‌లో ఈసీఐఎల్ వాళ్ల చేతుల్లో పుట్టాను. 1975లో మెదక్ జిల్లాలో ఓ ఊరి బడికి చేరాను. నా తోడబుట్టినవాళ్లు ఆరు రాష్ట్రాల్లో దాదాపు 2400 ఊళ్లకు పోయారు. నాతోపాటు పది అడుగుల గొడుగులాంటి యాంటెన్నా కూడా దిగింది. దానికి బిగించింది కోళ్లగూటికి కొట్టే జాలీయే. ఊరు మొదట నవ్వింది దాన్ని చూసే.

ఆగస్టు 1న బొమ్మ వచ్చింది. 36 వేల కిలోమీటర్ల పైన అమెరికావాళ్ల ఏటీఎస్-6 ఉపగ్రహం ఉంది. ఇస్రో దాన్ని ఏడాదికని అడిగి తెచ్చుకుంది. నా తెలుగు కార్యక్రమాలు తయారయ్యేది హైదరాబాద్‌లోనే. బస్సెక్కితే పూటలో మా ఊరికి చేరాల్సినవి, అహ్మదాబాద్ పోయి, ఆకాశమెక్కి, అక్కణ్నుంచి దిగేవి!

పొద్దున గంటన్నర బడిపిల్లలకు, సాయంత్రం రెండున్నర గంటలు ఊరందరికీ. ఆడవాళ్లు దీపాలవేళకే రొట్టెలు కాల్చేసి, పిల్లల్ని చంకనేసుకుని వచ్చేవాళ్లు. మాదిగవాడ వాళ్లు మొదట వేపచెట్టు అవతలే కూర్చున్నారు. అక్కడికి బొమ్మ ఆనదు. పిల్లలు ముందు జరిగారు, వాళ్ల వెనక తల్లులు జరిగారు. ఎవరూ పొమ్మనలేదు, రమ్మనీ అనలేదు. నా బతుకులో నేను గర్వపడేది ఆ నాలుగు గజాల గురించే.

నేను చెప్పిన పాఠాల గురించి మాత్రం అంత గొప్పలు పోలేను. వరినాట్లు చూపిస్తుంటే ఓ ముసలమ్మ, “మా చెరువే ఎండె, ఈయన నాట్లేయమంటుండు” అని కొంగు దులుపుకుని లేచిపోయింది. హిందీ వార్తలొస్తే మగవాళ్లకు బీడీల వేళ. ఎమర్జెన్సీ రోజులు కదా, సర్కారును మెచ్చుకోవడం తప్ప నాకు మరో మాట తెలియదు. కుటుంబ నియంత్రణ మాటెత్తితే అందరూ ఒక్కసారిగా నేల చూపులు చూసేవాళ్లు.

అరువు సొమ్ము బరువు చేటని ఊరికే అన్నారా? 1976 జూలై 31తో గడువు తీరింది, ఉపగ్రహాన్ని వాళ్లు తీసుకుపోయారు. మర్నాడూ జనం వచ్చారు. పంతులు సారు మీట నొక్కాడు. తెర నిండా చీమలు. “కొంచెం ఆగుండ్రి, వస్తది” అన్నాడాయన. ఆయనకు తెలుసు రాదని. పొద్దుపోయేదాకా కూర్చున్నారు. ఎనిమిదో రోజుకు ఇద్దరు పిల్లలే మిగిలారు.

1977లో హైదరాబాద్ దూరదర్శన్ వచ్చింది. ఆ తర్వాత కొన్నేళ్లకు పటేలు ఇంట్లో టీవీ పెట్టారు. ఊరు మళ్లీ టీవీ ముందుకే పోయింది, కానీ ఈసారి కొందరు లోపల చాప మీద, కొందరు కిటికీ బయట. నా నాలుగు గజాలూ వెనక్కి పోయాయి. ఆదివారం రామాయణం వేళకు ఊళ్లో ఎడ్లు కూడా కదిలేవి కావట. ఆపైన ఇంటింటికో టీవీ, దానికో కేబుల్ తీగ. వేపపుల్లలు పోయి పేస్టు వచ్చింది, కుంకుడుకాయ పోయి షాంపూ పొట్లాం వచ్చింది. అవి తప్పని అనను. ఏటా దిగే చిందు భాగోతం వాళ్లు ఒక ఏడు నలుగురి ముందు ఆడి, సామాను సర్దుకుని పోయి, మళ్లీ రాలేదు. అప్పుడు మాత్రం కొట్టు గదిలో ఉన్న నాకు గుచ్చుకుంది. ఎరువుల మోతాదు గురించి నేను చెప్పింది ఒక్కరికీ గుర్తులేదు. చీకటి పడగానే బొమ్మ ముందు కూర్చోవడం మాత్రం నేర్చుకున్నారు. అది నేర్పింది నేనే.

కొట్టు గదిలో ఎన్నేళ్లున్నానో లెక్క లేదు. విరిగిన బెంచీల కింద ఎలుక నా లోపల మూడుసార్లు ఈనింది. నా తలమీద సుద్దముక్కల పెట్టె పెట్టేవారు. గొడుగు జాలీని ఎవరో ఊడదీసుకుపోయి కోళ్లగూటికి కొట్టుకున్నారు. దాని బతుకే నయం, పుట్టిన పని దొరికింది.

మొన్న పాత సామాన్ల బండివాడు వచ్చాడు. “అద్దం ఎవరు కొంటరు సారూ, లోపల రాగి ఉంటే చూస్త” అన్నాడు. తీగ చుట్టలు పీకి, తూకమేసి, నా తెరను గోడకు ఆనించి వెళ్లాడు. బడి విడిచాక ఇద్దరు పిల్లలు దాని ముందు గొంతుక్కూర్చున్నారు. నల్లటి అద్దంలో తమ మొహాలు చూసుకుంటూ వంకరలు తిప్పుతున్నారు. వెనకనుంచి మూడోవాడు తోసుకుంటున్నాడు, “జరుగుండ్రా, నాకు కనిపిస్తలేదు” అని.