జబ్బు కావాలంటే క్యూలో రండి

అప్పటి ఉపరాష్ట్రపతి జగదీప్ ధన్‌ఖడ్ గారు 2024 అక్టోబరులో రాజస్థాన్‌లోని సీకర్ వెళ్లి దేశం నాడి పట్టుకుని చూశారు. మన పిల్లలకు కొత్త జబ్బు వచ్చిందట. విదేశాలకు పోయి చదవాలనే జబ్బు. ఏ దేశమో, ఏ విద్యాసంస్థో చూసుకోకుండా ఎగిరిపోతున్నారట. ఆ ఏడాది 13 లక్షల మందికి సోకిందనీ, విదేశీ మారకానికి 600 కోట్ల డాలర్ల చిల్లు పడిందనీ లెక్క కూడా చెప్పారు.

అంత పెద్దవారు రోగం ఏమిటో తేల్చాక మనబోటివాళ్లు చేయగలిగింది పదిమందినీ హెచ్చరించడమే. అమెరికా రకం గురించి మన జిల్లాల్లో ఎవరికీ కొత్తగా చెప్పక్కర్లేదు, అది బీటెక్ అయ్యాక వచ్చే పాత జబ్బు. జర్మన్ రకం అలా కాదు, ఇంటర్ అవగానే పట్టుకుంటోంది. వ్యాపించేది ఎక్కువగా పెళ్లిళ్లలో. “మా వాడు మ్యూనిక్‌లో చేరాడు వదినా, అంతా ఇంగ్లిషులోనేనట, ఫీజు కూడా లేదట” అని ఒకావిడ అంటే చాలు, పెరుగు వడ్డించేలోపు పంక్తి మొత్తానికి అంటుకుంటుంది. ఆ రాత్రి నుంచి ఇంటాయన క్యాలెండర్ వెనకాల యూరోల లెక్కలు వేస్తుంటాడు. తొలి లక్షణం అదే.

అయితే ఈ జబ్బు దానంతటది రాదు. దరఖాస్తు పెట్టుకోవాలి. డెంగ్యూ దోమ కుట్టేముందు ఇంటర్ మెమో అడగదు, ఇది అడుగుతుంది. జర్మనీలో నేరుగా ఇంజినీరింగ్ డిగ్రీలో చేరాలంటే మన ఇంటర్ ఒక్కటే చాలదు, జేఈఈ అడ్వాన్స్‌డ్‌లో అర్హత ఉండాలి. లేదా ఇక్కడే గుర్తింపున్న యూనివర్సిటీలో ఏడాది చదివి పాసై, అదే సబ్జెక్టులోకి వెళ్లాలి. అదీ కాదంటే స్టూడియెన్‌కొల్లెగ్ అనే ఏడాది సన్నాహక కోర్సు, అది ఎక్కువచోట్ల జర్మన్‌లోనే నడుస్తుంది. అంటే అడ్వాన్స్‌డ్ గట్టెక్కినవాడికి నేరుగా సోకుతుంది, మిగతావాళ్లు ఏడాది పాటు వెయిటింగ్ లిస్టులో ఉండాలి.

ఆ తర్వాత టెస్టులు. మార్కుల మెమోలు అసలువా నకిలీవా అని ఢిల్లీలోని ఏపీఎస్ కేంద్రం తేల్చి సర్టిఫికెట్ ఇవ్వాలి, 2022 నవంబరు నుంచి అది లేనిదే వీసా లేదు. ఆ టెస్టుకు 18 వేల రూపాయలు. ఇంగ్లిషు వచ్చని ఇంకో పరీక్ష. అన్నీ నార్మల్ అని తేలితే స్కానింగ్: 11,904 యూరోలు, 2024 మారకం ప్రకారం మన డబ్బులో సుమారు 11 లక్షలు, ముందే బ్లాక్డ్ అకౌంట్‌లో వేసి చూపించాలి. అందులోంచి నెలకు 992 చొప్పున డోసు వదులుతారు. అది చాలనివాళ్లు ఏడాదికి 140 రోజులు పని చేసుకోవచ్చు. అది పథ్యం.

ఫీజు లేదన్న మాటా అంతటా చెల్లదు. బాడెన్-వుర్టెంబెర్గ్ రాష్ట్రంలో ఐరోపా కూటమి బయటివాళ్లు 2017 నుంచి సెమిస్టరుకు 1,500 యూరోలు కడుతున్నారు. ఆ పెళ్లిలో ఆవిడ చెప్పిన మ్యూనిక్‌లో టెక్నికల్ యూనివర్సిటీ కూడా 2024 అక్టోబరు నుంచి డిగ్రీలో కొత్తగా చేరే బయటివాళ్లకు సెమిస్టరుకు 2,000 నుంచి 3,000 పెట్టింది. ఫీజు లేకుండా, పూర్తిగా ఇంగ్లిషులో, ప్రభుత్వ యూనివర్సిటీలో ఇంజినీరింగ్ డిగ్రీ కావాలంటే క్లేవ్ లాంటి చిన్న ఊళ్లలో వెతుక్కోవాలి. నెదర్లాండ్స్ సరిహద్దును ఆనుకుని ఉంటుంది, అక్కడి రైన్-వాల్ యూనివర్సిటీని 2009లో పెట్టారు. అమీర్‌పేట కన్సల్టెన్సీ బోర్డు మీద మాత్రం బెర్లిన్ కమాను బొమ్మ ఉంటుంది. నాడి చూడకుండానే సూది పొడిచే ఆర్‌ఎంపీలు వీళ్లు. సర్కారీ సీటు దొరక్కపోతే ప్రైవేటు కాలేజీ మందు రాసేస్తారు, బిల్లు చూశాక గానీ రోగికి నిజంగా జ్వరం రాదు.

ఇక ప్రభుత్వం. 2024లో అప్పు తీసుకోకుండా సొంత డబ్బు ఏడాదికి 7 లక్షలు దాటి చదువుకు పంపితే, పైమొత్తం మీద 5 శాతం టీసీఎస్ పన్ను పట్టుకునేది. తర్వాత ఆదాయపన్నులో సర్దుకోవచ్చులెండి. కానీ చిల్లు పడిందని గుండెలు బాదుకుంటున్న సర్కారు ఆ చిల్లు దగ్గరే టోల్‌గేటు పెట్టుకు కూర్చుంది.

సరే, ఎకసెక్కాలు చాలు. కోటా తర్వాత కోచింగ్‌కు పేరుమోసిన ఊరు సీకర్. పిల్లల్ని గదుల్లో కుక్కి ర్యాంకులు పిండే ఊళ్లో నిలబడిన పెద్దమనిషికి, విమానం ఎక్కే పిల్లల్లో జబ్బు కనిపించింది! ఆ ఏడాది అడ్వాన్స్‌డ్ 1,80,200 మంది రాశారు. 48,248 మంది అర్హత సాధించారు. ఐఐటీల్లో అప్పటి సీట్లు 17,700 పైచిలుకు. మిగిలిన 30 వేల మంది చేసిన నేరం ఏమిటి? కొందరిని ఎన్‌ఐటీలు తీసుకుంటాయి. తక్కినవాళ్లకు మనం చూపించేది ఏమిటి? తనిఖీ కమిటీ వచ్చిన రోజు మాత్రమే అధ్యాపకులు కనిపించే కాలేజీలు, తాళం తీయని ల్యాబులు, మేనేజ్‌మెంట్ కోటా బేరాలు, రీయింబర్స్‌మెంట్ బకాయి రాలేదని సర్టిఫికెట్లు బీరువాలో దాచే ఆఫీసులు. మనం ఫెయిలైనవాళ్ల కింద జమకట్టిన పిల్లవాడి అర్హత పత్రం చూసి పరాయి దేశం తలుపు తీస్తోంది.

హాస్టల్ గదిలో ఇంటర్ పిల్లవాడు ఉరేసుకుంటే దాన్ని జబ్బు అనడానికి ఎవరికీ నోరు రాలేదు. ఒత్తిడి అని రాసి ఫైలు మూశారు. ఎకరం పొలం తాకట్టు పెట్టి కూతురిని పంపుతున్న తండ్రిని పట్టుకుని మీ అమ్మాయికి జబ్బు అనడానికి మాత్రం నోరు ఎలా వచ్చింది?

ధన్‌ఖడ్ గారు అప్పుడు రాజ్యసభ అధ్యక్షులు కూడా. శీతాకాల సమావేశాలు అప్పటికి దగ్గరపడ్డాయి. అయ్యా, ఆ 30 వేల మందిలో మిగిలిపోయినవాళ్లకు ఈ దేశంలో ఏ కాలేజీలో, ఎంత ఫీజుకు, ఎందరు అధ్యాపకులతో సీటు ఉందో విద్యామంత్రి చేత సభలో చెప్పించాల్సింది. జవాబు లిఖితపూర్వకంగా ఇప్పించాల్సింది.