అవగాహన సదస్సుకు రండి, సంతకం పెట్టి వెళ్లండి

మా పరిశోధకుల లోకంలో అన్ని రోగాలకూ ఒకటే నిర్ధారణ. కొండ మీద టీకా వద్దన్నారా? అవగాహన లేదు. గనుల మీద ప్రజాభిప్రాయ సేకరణలో గొడవైందా? అవగాహన లేదు. సర్వేకు వెళితే తలుపేసుకున్నారా? బొత్తిగా అవగాహన లేదు. రోగం ఒకటే కాబట్టి మందూ ఒకటే: అవగాహన సదస్సు. నా పీహెచ్‌డీ థీసిస్ చివర సిఫార్సుల్లో ఈ మందు రాయకపోతే వైవా గట్టెక్కనని సీనియర్లు ముందే హెచ్చరించారు.

అరకులోయలో ఈ సదస్సు ఎలా జరుగుతుందో చూడనివారి కోసం చెబుతాను. పదింటికన్న సభ పన్నెండున్నరకు మొదలవుతుంది. ముఖ్య అతిథి విశాఖ నుంచి బయల్దేరి ఘాట్ రోడ్డులో కాఫీకి ఆగి ఉంటారు మరి. ఫ్లెక్సీ మీద అతిథుల ఫొటోలు మూరెడు, విషయం బెత్తెడు. జ్యోతి ప్రజ్వలన, గాలికి ఆరిపోతే పునఃప్రజ్వలన. శాలువాలు. కరెంటు పోతుంది, జనరేటర్ అందుకుంటుంది, తెర మీద ఇంగ్లీషు స్లైడ్లు పడతాయి. వాటిని తెలుగులో చదివి వినిపిస్తారు. వెనక వరుసల్లో కూర్చున్నది కువి మాట్లాడేవాళ్లు, ఆదివాసీ ఒడియా మాట్లాడేవాళ్లు. ఆశా కార్యకర్త వాళ్ల చెవిలో చెప్పిందే అసలు సదస్సు. గంట ఉపన్యాసాన్ని ఆవిడ నాలుగు ముక్కల్లో తేల్చేస్తుంది. మా గైడు గారికి ఆ విద్య ఇంకా పట్టుబడలేదు. చివర్లో రిజిస్టర్లో సంతకాలు, వేలిముద్రలు, సమోసా పొట్లం, జియోట్యాగ్ ఫొటో. అవగాహన కలిగిందనడానికి ఆ ఫొటోయే సాక్ష్యం.

అలాంటి ఒక సదస్సులో ఒక పెద్దావిడ లేచింది. "నిరుడు మా పిల్లల రగతం తీసుకెళ్లినారు గదా బాబూ, కాయితం ఏదీ?" అంది. వేదిక మీదివాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. మంచి ప్రశ్న అన్నారు, తర్వాత మాట్లాడదామన్నారు, ముందు టీ తాగమన్నారు. ఆ ప్రశ్న నివేదికకు ఎక్కేసరికి "స్థానికుల్లో అపోహలు" అనే పద్దు కింద చేరింది. శాస్త్రీయ దృక్పథం పౌరుల ప్రాథమిక విధి అని 1976లో 42వ సవరణతో రాజ్యాంగంలో రాసుకున్న దేశం మనది. నమూనా తీశావు, ఫలితం చూపించు అని అడగడాన్ని మించిన శాస్త్రీయ దృక్పథం మా సెమినార్లలో నేనింతవరకు చూడలేదు.

అపనమ్మకం ఆకాశం నుంచి ఊడిపడదు. ఈ తూర్పు కనుమల్లోనే, కాస్త దక్షిణాన, దాని పుట్టుక కాగితాల మీద ఉంది. 2009 జులైలో అప్పటి ఖమ్మం జిల్లాలో, భద్రాచలంతో కలిపి మూడు మండలాల్లో, 10 నుంచి 14 ఏళ్ల ఆడపిల్లలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా హెచ్‌పీవీ టీకా వేయడం మొదలుపెట్టారు. నడిపింది అమెరికాకు చెందిన పాత్ సంస్థ, తోడు మన ఐసీఎంఆర్, రాష్ట్ర ప్రభుత్వం. డబ్బు గేట్స్ ఫౌండేషన్‌ది, టీకా మెర్క్ కంపెనీది. దాదాపు 14 వేల మంది పిల్లలు. అందులో ఆశ్రమ పాఠశాలల్లో, హాస్టళ్లలో ఉండి చదువుకునేవాళ్లు చాలామంది. అమ్మానాన్నలు ఎక్కడో కొండమీది ఊళ్లో పోడు చేసుకుంటుంటారు, సమ్మతి ఎవరిస్తారు? పెద్దలు ఆలోచించి ఉపాయం కనిపెట్టారు: వార్డెన్ ఇస్తారు. తర్వాత విచారణలో తేలిన లెక్క ఇది. 9,543 సమ్మతి పత్రాల్లో 2,763 మీద ఉన్నవి హాస్టల్ వార్డెన్ల సంతకాలు, 1,948 మీద వేలిముద్రలు. గాంధారికి కొడుకులు నూరుగురే, మన వార్డెన్లు కలంపోటుతో ఆవిడ రికార్డు ఎప్పుడో దాటేశారు.

గుజరాత్‌లోనూ ఇదే పథకం నడిచింది. రెండు రాష్ట్రాల్లో కలిపి ఏడుగురు ఆడపిల్లలు చనిపోయారు. 2010 ఏప్రిల్‌లో పథకం ఆపేశారు. ఆ మరణాలకు టీకా కారణం కాదని ప్రభుత్వ విచారణ కమిటీ చెప్పింది. నేను నమ్ముతాను. టీకా మంచిదనీ నమ్ముతాను; 9 నుంచి 14 ఏళ్ల ఆడపిల్లలకు దాన్ని ప్రోత్సహిస్తామని 2024 మధ్యంతర బడ్జెట్‌లో కేంద్రమే చెప్పింది. నా ఏడుపంతా అందుకే. మంచి టీకాకు దొంగ సమ్మతి దేనికి? 2013 ఆగస్టులో పార్లమెంటు స్థాయీ సంఘం ఈ వ్యవహారాన్ని గట్టిగానే కడిగేసింది. నివేదిక అలమారలోకి వెళ్లింది. పిల్లలు పోయిన ఇళ్లవాళ్లకు మాత్రం మరిచిపోయే సౌకర్యం లేదు. ఇవాళ ఏ తల్లయినా సూది చూసి రెండు నిమిషాలు తటపటాయిస్తే మన నిర్ధారణ సిద్ధం: అవగాహన లేదు, సమోసాలు ఆర్డరివ్వండి.

నిజానికి ఈ కొండలే ప్రభుత్వానికి అవగాహన కల్పించిన సందర్భాలున్నాయి. అనంతగిరి మండలం బొర్రా ప్రాంతపు గనుల లీజుల మీద సమత సంస్థ వేసిన కేసులో, షెడ్యూల్డ్ ప్రాంతంలో గిరిజనేతరులకు, ప్రైవేటు కంపెనీలకు ఇచ్చిన లీజులు చెల్లవని 1997 జులైలో సుప్రీంకోర్టు తేల్చింది. ప్రభుత్వానికి ఆ అవగాహన ఎన్నాళ్లు నిలిచిందంటే, 2015 నవంబరులో జెర్రెల అడవిలో 1,212 హెక్టార్లు బాక్సైట్ కోసం ఏపీఎండీసీకి అప్పగిస్తూ జీవో 97 వచ్చేదాకా. ఈసారి కంపెనీ సర్కారుదే కదా అన్నారు. జనం రోడ్డెక్కారు, జీవో అటకెక్కింది, 2019లో రద్దయింది.

మరి వీళ్లు సైన్సును అసలే నమ్మరా? 2025 ఆగస్టులో అరకు మండలం పకనకుడిలో కాఫీ కాయ తొలిచే బెర్రీ బోరర్ పురుగు కనిపించింది. 1990లో నీలగిరుల్లోని గూడలూరులో మన దేశానికి తొలిసారి పరిచయమైన పురుగు అది. కాయ కోసి చూస్తే లోపల గింజలో సొరంగం కళ్లెదుట కనిపిస్తుంది. పురుగు తగిలిన తోటల్లో కాయలన్నీ దూసి, మరిగే నీళ్లలో ముంచి, గొయ్యి తీసి పాతిపెట్టాలన్నారు శాస్త్రవేత్తలు. ఏడాది పంటను పాతిపెట్టమనడం చిన్న మాటా? అయినా పాతిపెట్టారు. పురుగును చూపించారు, కిలోకు 50 రూపాయలు నష్టపరిహారం ప్రకటించారు. కొండమీది మనిషిని ఒప్పించడానికి ఈ రెండూ చాలు. జ్యోతి ప్రజ్వలన అక్కర్లేదు.

ఇక విధానాల సంగతి. శాస్త్రవేత్తలు ఏడాదికి కనీసం 10 రోజులు తమ జ్ఞానాన్ని సమాజంతో పంచుకోవాలని కేంద్ర శాస్త్ర సాంకేతిక శాఖ 2019 ముసాయిదాలో రాసింది. పది రోజులూ మనమే మాట్లాడితే ఆ కాయితం సంగతి అడిగిన పెద్దావిడకు మైకు ఎప్పుడు దొరుకుతుంది? కాబట్టి నా థీసిస్‌లో సిఫార్సు మార్చి రాస్తున్నాను. ఏటా అరకులో శాస్త్రవేత్తలకు అవగాహన సదస్సు పెట్టాలి. ఉపన్యాసం కువిలో ఉంటుంది. ప్రొఫెసర్లు వెనక వరుసల్లో కూర్చుంటారు, ఆశా కార్యకర్త దయతలిస్తే నాలుగు ముక్కలు అర్థమవుతాయి. హాజరు తప్పనిసరి. రాలేని ప్రొఫెసర్ల తరఫున హాస్టల్ వార్డెన్ సంతకం చెల్లుతుంది.