తటస్థ మిత్రుడి వాటా

హైదరాబాద్‌లోని మూసారాంబాగ్ పేరులో ఉన్నది అయోధ్య రాముడు కాదు, నిజాం కొలువులోని ఫ్రెంచి సేనాని రేమండ్. హిందువులకు ఆయన మూసా రామ్, ముస్లింలకు మూసా రహీం. ఆయన బలగం పెరగడానికి కారణం మాత్రం నిజాం శత్రువు కాదు, మిత్రుడు.

1790లో టిప్పు సుల్తాన్‌పై ఈస్టిండియా కంపెనీ, మరాఠాలు, నిజాం జట్టుకట్టారు. 1792లో శ్రీరంగపట్నంలో వాటాలు పంచుకున్నారు. పంపకం ముగిశాక పొత్తు పలచబడింది. 1795 మార్చిలో ఖర్డా దగ్గర మరాఠాలు నిజాంను ఓడించారు. ఇద్దరూ కంపెనీకి మిత్రులే కనుక గవర్నర్ జనరల్ సర్ జాన్ షోర్ తటస్థంగా ఉండిపోయారు. నిజాం ఖర్చుతో మేపిన కంపెనీ పటాలాలు కూడా యుద్ధంలో దిగలేదు. ఎండలో అద్దె తీసుకున్న గొడుగు వానకు ముడుచుకుంది.

అలిగిన నిజాం ఆ పటాలాలను సాగనంపి రేమండ్ సేనను పెంచాడు. అది సుమారు 14,000కు చేరేసరికి కంపెనీకి స్నేహం గుర్తొచ్చింది. 1798 మార్చిలో రేమండ్ కన్నుమూశాడు. సెప్టెంబరు 1న నిజాంకు, కంపెనీకి మధ్య సైన్య సహకార ఒప్పందం కుదిరింది. అక్టోబరులో ఫ్రెంచి దళం ఆయుధాలు దింపింది. కంపెనీ పటాలాల ఖర్చు ఏటా 24,17,100 రూపాయలు, చెల్లించేది నిజామే.

1800లో ఆ ఖర్చు కిందే బళ్లారి, కడప సీమలు కంపెనీకి వెళ్లి దత్తమండలాలయ్యాయి. టిప్పు యుద్ధాల్లో నిజాంకు దక్కిన వాటా అదే. ఖర్డాలో కొట్టిన శత్రువు కన్నా, చేతులు కట్టుకుని చూసిన మిత్రుడికే ఎక్కువ ముట్టింది.