ఎలుకల తీర్మానం అమలైంది

పెంపుడు పిల్లుల మెడకు మువ్వల పట్టీలు కడుతున్నారు. పిట్టలు బతకాలట. ఎప్పుడో ఎలుకలన్నీ సభ చేసి, ఏకగ్రీవంగా తీర్మానించి, కట్టే మొనగాడు దొరక్క మూలన పడేసిన పథకమిది. ఇన్నాళ్లకు మనిషి దొరికాడు. ఖర్చు కూడా వాడే పెట్టుకున్నాడు.

రాయలసీమలో ఎర్రమంచి లాంటి మెట్ట ఊళ్లో పిల్లిని సాకేది ముద్దుకు కాదు, శెనక్కాయ మూటల కాపలాకు. అలాంటి ఇంట్లో బెంగళూరు నుంచి వచ్చిన మనవడు పిల్లికి మువ్వ కట్టాడనుకోండి. రాత్రంతా ఘల్లుఘల్లు. తెల్లారి అవ్వ మూట అడుగున బొక్క చూసి, రాలిన పొట్టు చూసి, "ఇది కాపలాకు పోతాందా, పెండ్లికి పోతాందా నాయనా?" అంటుంది.

సరే, పిట్టలకైనా మేలుందా? బ్రిటన్‌లో 2005లో లెక్కేస్తే గంట కట్టిన పిల్లులు ఇంటికి తెచ్చే పిట్టలు 41 శాతం తగ్గాయి. 2021లో ఎక్సెటర్ విశ్వవిద్యాలయం వాళ్లు మళ్లీ చూస్తే గంటతో చెప్పుకోదగ్గ తేడా కనపడలేదు. పిల్లి వేటాడగా చూసినవాళ్లకు ఇదేం వింత కాదు. కడుపు నేలకానించి, ఎత్తిన కాలు ఎత్తినట్టే ఆపి, మళ్లీ మెల్లగా దించుతుంది. మువ్వ గట్టిగా మోగేది దూకినప్పుడే. అప్పటికి పిట్ట నోట్లో ఉంటుంది. ఇక రెక్కలు రాని గూటి పిల్ల మువ్వ విని ఏం చేస్తుంది, తాళం వేస్తుందా?

ఎక్సెటర్ వాళ్లకు ఫలితమిచ్చినవి వేరే. మాంసం దండిగా ఉన్న మేత పెడితే పిల్లి తెచ్చే వేట 36 శాతం తగ్గింది. రోజూ ఐదు, పది నిమిషాలు ఆడిస్తే 25 శాతం. అంటే నాలుగు ముక్కలు, కాస్త తీరిక. అక్కడే మనకు చెయ్యి రాదు. పిల్లికి బిచ్చం పెట్టనివాళ్లం మువ్వ మాత్రం పెడతాం. అది మోగినంతసేపూ ఏదో చేస్తున్నామని నిద్ర పడుతుంది.

పిట్టల మీద అంత ప్రేమే ఉంటే చిలమత్తూరు మండలం వీరాపురం పోయి చూడండి. ఏటా పెయింటెడ్ స్టార్క్ కొంగలు వచ్చి ఊరి చింతచెట్ల మీదే గూళ్లు కడతాయి. ఊరివాళ్లు చెట్టూ కొట్టలేదు, కొంగనూ కొట్టలేదు. అంతే.

అదే ఎర్రమంచి దగ్గర మాత్రం 2017 ఒప్పందంతో 500 ఎకరాలకు పైగా నేల కియా కార్ల ఫ్యాక్టరీ కిందికి పోయింది. ఉద్యోగాలొచ్చాయి, కాదనను. కానీ మెట్టల్లో నేల మీదే గూడు పెట్టుకునే పిట్టలకు ముందుగా గంట కొట్టిందెవరు? పెద్ద యంత్రాలు వెనక్కి వచ్చేటప్పుడు కూత పెడతాయి. ముందుకు పోయేటప్పుడే పెట్టవు.

అన్నట్టు, ఆ కియా ఫ్యాక్టరీకి సంబంధించి ఐదేళ్లలో సుమారు 900 ఇంజన్లు మాయమయ్యాయని 2025లో పోలీసులకు ఫిర్యాదు అందింది. అన్నేళ్లూ ఎక్కడా ఏ గంటా మోగలేదు. ఇంజన్ కంటే పిచ్చుక బరువు ఎక్కువ కాబోలు, మువ్వ మాత్రం పిల్లి మెడకే పడింది.