తేలిక బండి, బరువు బిల్లు

ఇంగ్లండ్‌లోని హెథెల్ నుంచి 1996లో రోడ్డెక్కిన లోటస్ ఎలీస్ కారు బరువు సుమారు 725 కిలోలు. అందులో అల్యూమినియం చాసిస్ 68 కిలోలే. తొలి బండ్లలో పవర్ స్టీరింగ్ లేదు, ఏబీఎస్ లేదు, ఎయిర్‌బ్యాగ్ లేదు. లేనివాటికే మోజు!

దీన్ని రోజూ ఆఫీసుకు తోలే మహానుభావులూ ఉన్నారు. తలుపు దగ్గర వెడల్పాటి గట్టు. టై కట్టిన పెద్దమనిషి ముందు ఒక కాలు లోపలికి విసిరి, నడుం వంచి, సీట్లోకి జారతాడు. యోగాసనం ఉచితం. వానొస్తే గుడ్డ టాప్ బిగించేలోపు స్నానమూ ఉచితమే.

ముందు భాగమంతా ఒకే ఫైబర్‌గ్లాస్ తొడుగు. రేడియేటర్ మార్చాలంటే మెకానిక్ సాధారణంగా దాన్నంతా విప్పదీస్తాడు.

బిల్లు బరువెక్కుతూ బండి షెడ్డులో ఉన్నన్నాళ్లూ అయ్యగారు ఆఫీసుకు వెళ్లేది 12 టన్నులు దాటిన లండన్ డబుల్ డెక్కర్‌లో.